సముద్రము దాఁటిన యుత్తరములు



ఇంటి జమాఖర్చు వ్రాసికొను స్త్రీకి రాజ్యవ్యవహారములతో నేమి పనియని కొందఱు మమ్మడుగుచుందురు. వారికి బదులుగా నీ నెల నొక గృహిణి చరిత్రమును మనవి చేసెదము.

అబిగెయిల్ ఆడమ్సు 1744వ సంవత్సరమున అమెరికాయందలి మసాచుసెట్సులో జన్మించెను. ఆమె బడికిఁ బోయినది కాదు. ఇంటఁగల గ్రంథములే యామెకు గురువులు. వకీలగు జాన్ ఆడమ్సును వివాహమాడెను. అమెరికావారు ఆంగ్లేయులతో స్వాతంత్ర్యయుద్ధము చేయుచుండఁగా, 1778లో నాయన రాయబారియై పదేండ్ల కొడుకును వెంటఁబెట్టుకొని ఫ్రాన్సునకు నోడ యెక్కెను. మిగిలిన బిడ్డలును, పొలమును, పన్నులును ఆమె పాలఁబడెను.

ఉత్తరములు నెలల తరబడి రాకపోయెడివి. శత్రునౌకలు వెంబడించినప్పుడు లేఖల సంచులను సముద్రమునఁ బడవైచెడివారు. 1775లోనే యాయన లేఖలను ఆంగ్లేయులు పట్టుకొని పత్రికలో నచ్చొత్తించిరి. కావుననే యాయన ముక్తసరిగా వ్రాసెడివాఁడు. మనసులోని మాట వ్రాయరేమని యామె నొచ్చుకొనెడిది. ఇరువురి బాధయు న్యాయమైనదే.

కాగితపు ద్రవ్యము విలువ నానాఁటికిఁ దఱుగుచుండుటఁ జూచి యామె, ధనమునకు బదులు సరకులు పంపుఁడని భర్తకు వ్రాసెను. చేతిరుమాళ్లు, రిబ్బనులు, గుండుసూదులు, నారబట్టలు వచ్చెను. కొన్నింటిని నింటికుంచుకొని తక్కినవానిని బంధుమిత్రులచే నమ్మించెను. మూఁటిలో నొకటి చేరినను లాభమేయని యామె లెక్క! ఊర నేది కఱవో, దేనికి గిరాకియో వంటయింటినుండి చూచువారికిఁ దెలిసినట్లు సభలలోనివారికిఁ దెలియునా?

ఆ రాఁబడి యింటిని నిలిపెను. అచ్చట నాయన 1782లో డచ్చివారిచే నూతనరాజ్యమును గుర్తింపఁజేసి, ఆమ్‌స్టర్‌డామ్ షావుకార్లకడ 50 లక్షల గిల్డర్ల ఋణమును, పిదప వర్తకసంధిని సాధించెను. 1783లో పారిస్ సంధితో యుద్ధము ముగిసెను. మఱుసటి యేఁడు ఆమెయే సముద్రము దాఁటి భర్తను గలిసికొనెను.

నాఁటి శాసనమున వివాహితకు స్వంతధనము లేదు. అయినను ఆమె తాను గూర్చినది తనదేయని యెంచి, 1816లో మరణశాసనము వ్రాసి, దానిఁ బెక్కుపాలు స్త్రీలకే పంచెను.

ఆ దంపతుల లేఖలు వేయికిఁ బైగా నేఁటికిని మసాచుసెట్సు చరిత్రపరిషత్తున భద్రముగా నున్నవి. మేమో, మా యింటివారు పొరుగూరి బడిలో నున్నప్పుడు వ్రాసిన యుత్తరములను, బియ్యపు లెక్కలే గదాయని చించి పొయిలో వేసితిమి. ఆ లెక్కలలోనే మా కాపురపు చరిత్ర యుండెనని యిప్పుడు చింతించుచున్నారము. మీ పెట్టెలలోని వానినైనను దాఁచుకొనుఁడు.