ఉద్దానంలో నీళ్లు మారాయి, లెక్క రాసేదెవరు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ డాక్టర్ల మాట కాదు, ఊరి మాట. సోంపేట బస్టాండులో తెలిసినవాళ్లిద్దరు ఎదురుపడితే వానల సంగతీ జీడిపిక్కల ధరా అయ్యాక మూడో ప్రశ్న అదే. ‘‘ఎంతొచ్చిందేటి?’’ ‘‘రెండున్నర.’’ అడిగినవాడు తలూపి ఊరుకుంటాడు. బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా పాయింటు తర్వాతి అంకె విలువ తెలుసు. డయాలసిస్‌కు వెళ్లే మనిషి చేయి పట్టుకుంటే తాడులా ఉబ్బిన రక్తనాళం వేలి కింద గుయ్యిమంటుంది. దాన్ని ఫిస్టులా అంటారు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, సూదులన్నీ దానికే. ఆ చేత్తో ఇక కొబ్బరికాయల బస్తా ఎత్తకూడదు.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల ఈ ఏడు మండలాలకు ఉద్యానం అన్న మాట మీదే ఆ పేరొచ్చిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను నేలమట్టం చేసింది. కిడ్నీ జబ్బు అంతకు చాలా ముందునుంచే ఉంది. డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 18 శాతం మందికి జబ్బు తేలింది. ప్రొఫెసర్ వివేకానంద్ ఝా నాయకత్వంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఊరూరా తిరిగి చూసినా ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఉందని వచ్చింది. వీరిలో ఎక్కువమందికి షుగరు లేదు, తెలిసిన ఇతర కారణమూ లేదు. మగవాళ్లతో పాటు ఆడవాళ్లకూ ఉంది.

జబ్బు కారణం ఇంకా తేలలేదన్న మాట అందరూ చెప్పేదే. నాకు అంతకన్నా పెద్దదనిపించే లోటు ఇంకొకటుంది. ఈ ఐదారేళ్లలో ప్రపంచ కిడ్నీ వైద్యం మునుపెన్నడూ లేనంత ముందుకు కదిలింది. ఆ కదలిక ఉద్దానం పక్కనుంచి వెళ్లిపోయింది.

షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీని కూడా కాపాడుతుందని 2020లో డాపా-సీకేడీ ట్రయల్ తేల్చింది. అందులో 4,304 మంది పాల్గొన్నారు. చేరడానికి ఒక షరతు ఉంది: మూత్రంలో ప్రొటీన్ బాగా పోతూ ఉండాలి. షుగరువాళ్లకు కిడ్నీలోని జల్లెడ చెడుతుంది కాబట్టి ప్రొటీన్ పోతుంది. ఉద్దానం జబ్బు ముందు పట్టేది జల్లెడను కాదు, దాని వెనకున్న సన్నని గొట్టాలనూ వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ. అందుకే ఇక్కడ చాలామందికి ప్రొటీన్ పోవడం తక్కువ. మూత్రం నురగ కట్టదు, కాళ్లు వాయవు, ఏ సూచనా ఉండదు. ఒకనాడు రక్తపరీక్ష చేయిస్తే సగానికి పైగా కిడ్నీ పోయి ఉంటుంది. ఇలాంటి మనిషికి ఆ ట్రయల్ గుమ్మంలోనే చుక్కెదురు.

రెండేళ్ల తర్వాత అదే కోవ మందు మీద 6,609 మందితో వచ్చిన ఎంపా-కిడ్నీ ట్రయల్ తలుపు కొంచెం వారగా తీసింది. ప్రొటీన్ పోకపోయినా కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లను చేర్చుకుంది. అది జరిగిన ఎనిమిది దేశాల్లో మనది లేదు. ప్రొటీన్ తక్కువగా పోయేవారిలోనూ కిడ్నీ తరుగుదల నెమ్మదించినట్టు కనిపించింది గానీ, వాళ్లను డయాలసిస్ దాకా పోకుండా ఆపుతుందా అన్నది ఆ రెండేళ్ల గడువులో తేలలేదు. 2024లో మరో షుగరు మందు సెమాగ్లూటైడ్ మీద వచ్చిన ఫ్లో ట్రయల్ సరేసరి, షుగరున్నవాళ్లకే.

డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు మన దేశంలో 2020లోనే ముగిసింది. బిళ్ల ఇప్పుడు పలాస మందుల షాపులో కూడా చవకే. మరి ఇవ్వొచ్చు కదా? ఇక్కడే చిక్కు. ఈ మందు చక్కెరను, దాంతో పాటు కొంత నీటినీ మూత్రంలోకి తోసేస్తుంది. ఏసీ గదిలో కూర్చునే మనిషికి అది మేలే. వైశాఖం ఎండలో జీడితోటలో పొద్దంతా వంగి పనిచేసి, చెమటతో ఒళ్లు ఆరిపోయిన కూలీకి మేలా కీడా? లండన్‌లోనో టోక్యోలోనో చేసిన ట్రయల్ దీనికి జవాబు చెప్పలేదు. కవిటిలో చేస్తేనే తెలుస్తుంది.

కొలబద్ద విషయంలోనూ ఇంతే. క్రియాటినిన్ కండలోంచి పుట్టే పదార్థం. కండ తక్కువున్న మనిషి రక్తంలో అది తక్కువే ఉంటుంది. క్రియాటినిన్‌ను బట్టి కిడ్నీ పనితీరు కట్టే సూత్రాలు పాశ్చాత్యుల శరీరాల మీద తయారయ్యాయి. మన దేశంలో సరిచూస్తే, అవి ఉన్నదానికన్నా ఎక్కువ పనితీరు చూపిస్తున్నాయని తేలింది. అంటే బక్కపలచని కూలీకి 1.2 వచ్చి ‘నార్మల్’ అని చీటీ ఇచ్చేనాటికే జబ్బు మొదలై ఉండొచ్చు. సర్కారు పింఛనుకు క్రియాటినిన్ 5 దాటాలి. మనం కచ్చితంగా లెక్కపెడుతున్నది మునిగిపోయినవాళ్లనే. అడుగు జారుతున్నవాళ్లు ఏ పుస్తకంలోనూ ఎక్కరు.

కారణం తెలిస్తే మందు దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఒకసారి పార్వతీపురం, సీతంపేట కొండలెక్కాలి. అక్కడి గిరిజనుల్లో ఉన్న సికిల్ సెల్ జబ్బు గుట్టు 1949లోనే లైనస్ పాలింగ్ బృందం విప్పింది. జన్యువును కత్తిరించి సరిదిద్దే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఇక్కడి పిల్లవాడికి కావలసింది అది కాదు. పుట్టగానే ఒక రక్తపరీక్ష, ఆపైన నెలనెలా ఆగకుండా అందే హైడ్రాక్సీయూరియా బిళ్ల. అది కొండెక్కడమే కష్టంగా ఉంది. కాబట్టి కారణం తెలియడం ఒక మెట్టు, అంతే.

మధ్య అమెరికా అనుభవం దీనికి తిరగేసిన బొమ్మ. అక్కడి చెరకు కూలీల్లోనూ షుగరు, బీపీ లేని ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంది. శ్రీలంక వరి రైతుల్లోనూ ఉంది. కారణం మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఈలోగా నికరాగువాలో ఒక పెద్ద చక్కెర మిల్లు కూలీలకు పొలంలోనే గుడారాల నీడ, దగ్గర్లో నీళ్లు, గంటల లెక్కన విశ్రాంతి ఏర్పాటు చేసింది. పరిశోధకులు పక్కనే ఉండి కోతల సీజను ముందూ తర్వాతా రక్తం తీసి చూస్తే కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. మన దగ్గర ఆడవాళ్లకూ వస్తోంది కాబట్టి ఎండ ఒక్కటే కారణమనలేం. తాగునీటిలోని సిలికా, పురుగుమందులు, నొప్పుల బిళ్లలు, వంశం, అన్నిటి మీదా అనుమానాలున్నాయి. అయినా పలాస జీడి బట్టీల్లో, ఉపాధి హామీ పనుల్లో ‘నీరు, నీడ, విశ్రాంతి’ పెట్టి కొలవడానికి ఏ అనుమానమూ తీరనక్కర్లేదు.

ఇక నీళ్లు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రితో పాటు, హిరమండలం రిజర్వాయరు నుంచి 807 ఊళ్లకు వంశధార నీళ్లిచ్చే 700 కోట్ల పథకం మొదలైంది. ఏ పార్టీ ఖాతాలో వేసుకోవాలన్న గొడవ పక్కన పెట్టి చూస్తే, ఉద్దానంలో జరుగుతున్న అతి పెద్ద వైద్య ప్రయోగం ఇదే. లక్షల మంది తాగే నీరు ఒక్కసారిగా మారింది. ఉద్దానంలో ఏ ట్రయల్‌కూ ఇంత డబ్బు దొరకదు.

దీని ఫలితం తెలుసుకోవడానికి డయాలసిస్ పడకలు లెక్కపెడితే తప్పుదారి పడతాం. ఇప్పటికే మచ్చలు కట్టిన కిడ్నీ మంచినీళ్లు తాగితే బాగుపడదు. అందుకే నీళ్లే దోషి అయినా పదేళ్ల దాకా డయాలసిస్ వరస తగ్గదు. ‘ఎంత ఖర్చు పెట్టినా లాభం లేకపోయె’ అని అప్పుడొకరు తేల్చేస్తారు. లేదా వయసువాళ్లంతా వలస పోయి వరస తగ్గితే, అది నీళ్ల మహిమేనని ఇంకొకరు సభ పెడతారు. రెండూ తప్పే. చూడవలసింది జబ్బు ఇంకా రానివాళ్లను. కుళాయి వచ్చిన ఊళ్లో, రాని ఊళ్లో, వచ్చినా పాత బావి నీళ్లే రుచి అని తాగే ఇంట్లో ఇరవై ఏళ్లవాళ్లను ఏటా పరీక్షించాలి. ఆ లెక్కను ఏటేటా జనం ముందు పెట్టాలి.

వలస వెళ్లినవాళ్లు కూడా ఈ లెక్కలో ఉండాలి. ఉద్దానం పిల్లలు హైదరాబాదులో, అండమాన్‌లో, గల్ఫ్‌లో ఉన్నారు. పదిహేనేళ్లప్పుడు ఊరు విడిచిన తమ్ముడికి, ఊళ్లోనే ఉండిపోయిన అన్నకు కిడ్నీలు ఒకే తీరున ఉన్నాయా? ఉంటే దోషం రక్తంలోనో బాల్యంలోనో వెతకాలి. లేకపోతే మట్టిలో, నీళ్లలో, పనిలో వెతకాలి. సంక్రాంతికి వాళ్లంతా ఇంటికే వస్తారు. రక్తం తీసే శిబిరం పెట్టడానికి అంతకన్నా మంచి వారం లేదు.

పలాస ఆసుపత్రి బోర్డు మీద పరిశోధన అన్న మాట ఉంది. దానికి యంత్రాలకన్నా ముందు కావలసింది పదిహేనేళ్లు కదలకుండా ఒకే పని చేసే చిన్న బృందం, రక్తపు నమూనాలు దాచే ఫ్రీజరు, కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటరు. తుఫాను తీరంలో ఈ చివరిది చిన్న మాట కాదు. కుళాయి వచ్చిన ఏడాది సోంపేట, కంచిలి బళ్లలో పదో తరగతి చదివినవాళ్లకు 2038లో ముప్పై ఏళ్లు నిండుతాయి. వాళ్ల మొదటి నమూనా ఇప్పుడే ఆ ఫ్రీజరులోకి చేరాలి.