ఆచారం వెనుకనున్న తాళపుచెవి



కలకత్తాలోని ఒక రైల్వే కాలనీ నుండి కొంతకాలం క్రిందట ఐదుగురు తెలుగువారు అర్జీతో నా వద్దకు వచ్చినారు. డ్యూటీలో మరణించిన తమ బంధువు భార్య కారుణ్య నియామకంపై పనిచేయుచున్నది. ఆమె మరల వివాహమాడదలచినదట. "సెక్రటరీగారూ, మన ఆచారం ఏం కావాలండి? ఆ ఉద్యోగం తీయించండి" అన్నారు.

వీరు దుష్టులు కారు. ధర్నాలలో నాతోపాటు ఎండలో కూర్చున్నవారు. అధికారులకు జంకని మనిషి "నలుగురు ఏమనుకుందురో" అని జంకుట వింతగా తోచును గాని వింత కాదు. అధికారుల ఎదుట మనకు తోడు నిలుచునది ఆ నలుగురే గదా! పైగా ఊరు విడిచి వచ్చినవానికి ఊరి గుర్తుగా మిగిలినది ఆచారమొక్కటే. అందుచేత ప్రవాసి దానిని స్వస్థలంలోనివారి కంటె గట్టిగా పట్టుకొనును.

ఈ మనస్తత్వమును ఇదే నగరంలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బాగుగా ఎరుగును. 1855లో ఆయన శాస్త్రములను త్రోసివేయుడని అనలేదు. పరాశరస్మృతి నుండియే వితంతు వివాహమునకు ప్రమాణం చూపినారు. అయినను ఆయన విన్నపముపై వేయి సంతకములైనను లేకుండగా, రాధాకాంత దేవ్ పక్షమున ముప్పది వేలకు మించి వచ్చినవి. చట్టం 1856 జూలైలో వచ్చినది. మొదటి వివాహం ఆ డిసెంబరు 7న ఈ నగరముననే జరిగినది. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న అట్టి వివాహం జరిపించినారు. ఆయన జయంతికి పూలమాలలు వేయువారిలో పై ఐదుగురూ ఉన్నారు.

కాని 1856 చట్టంలో ఒక మెలిక ఉండినది. మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోవును. సంస్కరణకు ఒప్పుకొన్నవారు సైతం పెట్టె తాళపుచెవి మాత్రం ఇవ్వలేదన్నమాట. ఆ చట్టం 1983లో రద్దయినది. ఆ బుద్ధి రద్దు కాలేదు. నేటి నిబంధన స్పష్టం: కారుణ్య నియామకం పొందిన వితంతువు పునర్వివాహానంతరం కూడ ఉద్యోగంలో కొనసాగవచ్చును. ఇది చెప్పగా వారిలో ఒకరు మెల్లగా, "అయితే పోయినవాని తమ్ముడి సంగతేమిటండీ? ఖాళీగా ఉన్నాడు" అన్నారు. అప్పటికి గాని అసలు విషయం బయటపడలేదు.

ముసలి అత్తగారి భయం వేరు, అది నిజమైనది. మృతుని ఆశ్రితులను పోషింతునని కోడలు వ్రాసి యిచ్చిన హామీ పెండ్లితో చెల్లిపోదు. దానిని నిలబెట్టించుట యూనియన్ పని, ఉద్యోగం తీయించుట కాదు. అర్జీపై సంతకం చేయనని వారి ముఖముననే చెప్పినాను. ఇద్దరు అప్పటి నుండి నాతో మాట్లాడుట లేదు. శాఖా కార్యదర్శులు ఈ నిబంధనను తెలుగులో వ్రాయించి కాలనీ నోటీసు బోర్డులపై అంటించవలెనని కోరుచున్నాను.