కాఫీపై నపవాదములు

కాఫీని విషమని దూషించువారును, సర్వరోగ నివారిణి యని శ్లాఘించువారును మన పట్టణములలో గలరు. ఉభయులును ఉదయపు కాఫీని మాత్రము విడుచుట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 1991లో కాఫీవలన మూత్రాశయమునకు క్యాన్సరు కలుగవచ్చునని శంకించెను. 2016లో సాక్ష్యములను మరల పరీక్షించి, యా శంకకు తగిన యాధారము లేదని తేల్చెను. అయితే 65 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడితో నే పానీయమును త్రాగినను అన్నవాహికకు ముప్పు గలుగవచ్చునని హెచ్చరించెను. కీడు వేడిమివలన గాని గింజవలన గాదన్నమాట. నింద వ్యాపించినంత వేగముగ సవరణ వ్యాపింపలేదు.

మద్యపు మత్తును కాఫీ దించునన్న నమ్మకము మిక్కిలి ప్రమాదకరము. అది నిద్రమబ్బును కొంత బాపును గాని, నెత్తురులోని మద్యమును తగ్గింపజాలదు. మత్తు వదలినదని భ్రమించి బండి నడుపువానివలన దారిన బోవువారికి ప్రాణాపాయము.

ఇక చికోరీ. నల్లని డికాషనే బలమైన కాఫీ యని పలువురి తలంపు. ఆ నలుపులో నెంతభాగము చికోరీదో! అది కాఫీజాతి కాదు, వేరొక మొక్క వేరు. అందు కెఫీను లేదు. మిశ్రమములో నూటికి 49 పాళ్లవరకు దానిని కలుపుటకు చట్టము సమ్మతించుచున్నది. పాళ్లను పొట్లముపై ముద్రింపవలెననియు శాసించుచున్నది. హోటలువారును తమ పొడిలోని పాళ్లను గోడపై వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము.