బండిని బోల్తా పడనివ్వని బుర్ర

1997 అక్టోబరు 21. స్వీడన్‌లో ఓ టెస్ట్ ట్రాక్. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన మెర్సిడెస్ బెంజ్ ఎ-క్లాస్ కారును నడిపి చూస్తున్నాడు రాబర్ట్ కొలిన్ అనే పాత్రికేయుడు. కార్ల పత్రికలో ఆయన పనే అది. గంటకు 60 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ వేగంతో వెళ్తూ ఉన్నట్టుండి ఓ పక్కకి కట్ కొట్టాలి, ఆ వెంటనే రెండో పక్కకి కట్ కొట్టి మళ్లీ తన దారిలోకి రావాలి. బ్రేకు తొక్కకూడదు. స్వీడన్ అడవుల్లో గుర్రమంత ఎత్తుండే పెద్ద పెద్ద దుప్పులు రోడ్డు మీదికి ఇలాగే హఠాత్తుగా వచ్చి నిలబడతాయి. వాటిని తప్పించబోయినప్పుడు కారు ఏంచేస్తుందో చూడటానికే ఈ పరీక్ష.

ఎ-క్లాస్ మొదటి కట్‌కి ఊగింది. రెండో కట్‌కి చక్రాలు గాల్లోకి లేచాయి. అంతే... పల్టీ కొట్టింది!

ఆ వార్త ప్రపంచమంతా పాకిపోయింది. పల్టీ కొట్టింది ఊరూపేరూ లేని కారు కాదు మరి, బెంజ్. పుండు మీద కారం చల్లినట్టు, తూర్పు జర్మనీలో అందరూ జోకులేసుకునే ట్రాబంట్ అనే డొక్కు కారు ఇదే పరీక్షలో చక్కగా నెగ్గిందని జనం చెప్పుకున్నారు. కంపెనీ మొదట 'మా కారులో లోపమేం లేదు' అంది. తర్వాత దిగివచ్చింది. అప్పటికి అమ్మిన 2,600 కార్లనూ వెనక్కి పిలిపించి, మూడు నెలలపాటు అమ్మకాలే ఆపేసింది.

అన్ని కార్లూ నిలబడిన చోట అదొక్కటే ఎందుకు పడినట్టు? ఆ సంగతి తెలియాలంటే ముందు దాని ఇంజిన్ ఎక్కడుందో చూడాలి.

బరువు ఎటుంటే బండి అటే

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. గడ్డి ఎత్తుగా వేస్తే గట్టు దిగేటప్పుడు బండి ఒరిగిపోతుంది. కారుకీ ఇదే సూత్రం. కారులో బాగా బరువైన వస్తువు ఇంజినే కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టే ఆ కారు నడవడిక ఉంటుంది.

మన అంబాసిడర్‌నే తీసుకోండి. ఇంజిన్ ముందుంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. ముందు నుంచి వెనక్కి శక్తిని తీసుకెళ్లడానికి కారు కింద పొడవాటి ఇనుప షాఫ్ట్. ఆ షాఫ్ట్ కోసమే నేల మధ్యలో గట్టులాంటి ఎత్తు. వెనక సీట్లో మధ్యన కూర్చునే పిల్లలు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తిప్పలు పడింది దానివల్లే!

అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను తయారుచేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషనే 1959లో 'మినీ' కారుతో ఆ గట్టును తీసిపారేసింది. సూయజ్ గొడవతో పెట్రోలుకు కటకట వచ్చిన రోజులవి. తక్కువ తాగే బుల్లి కారు కావాలి, అందులో నలుగురు పట్టాలి. అలెక్ ఇస్సిగోనిస్ అనే ఇంజినీరు ఇంజిన్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా తిప్పి పెట్టాడు, శక్తిని ముందు చక్రాలకే ఇచ్చాడు. మూడు మీటర్ల కారులో నలుగురికి చోటు దొరికింది. 1964లో ఇటలీలో డాంటే జియాకోసా గేరుబాక్సును కూడా ఇంజిన్ పక్కనే వరసలో అమర్చి ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. 1983లో మన ఇళ్లకొచ్చిన మారుతి 800 ఆ కోవలోదే. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఇక వెనక ఇంజిన్ కార్లది వేరే కథ. వోక్స్‌వ్యాగన్ బీటిల్ నుంచి 2009లో వచ్చిన టాటా నానో దాకా చాలా ఉన్నాయి. చోటు కలిసొస్తుంది. కానీ బరువంతా తోకలో ఉంటుంది కాబట్టి పెద్ద ఇంజిన్ పెట్టి వేగంగా మలుపు తిప్పితే తోక బయటికి విసురుతుంది. అమెరికాలో షెవర్లే కంపెనీ 1960 మోడల్‌గా తెచ్చిన కోర్వేర్ కారు మీద ఈ విషయంలోనే దుమారం రేగింది. రాల్ఫ్ నాడర్ 1965లో 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పేరుతో రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే దానిమీద. 1972లో ప్రభుత్వ సంస్థ పరీక్షించి, ఆనాటి మిగతా కార్లకంటే అదేమీ అధ్వానం కాదని తేల్చింది. కానీ అప్పటికే ఆ కారు కథ ముగిసింది.

మళ్లీ ఎ-క్లాస్ దగ్గరకొద్దాం. పొడవు మూడున్నర మీటర్లే అయినా పెద్ద బెంజ్‌కున్నంత భద్రత కావాలనుకున్నారు. ముక్కు పొట్టిది, ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే ఇంజిన్ నేరుగా డ్రైవర్ కాళ్ల మీదికొస్తుంది. అందుకని ఇంజిన్‌ను 59 డిగ్రీలు వాల్చి పెట్టారు. ఢీకొన్నప్పుడు అది లోపలికి రాకుండా నేల కిందికి జారిపోతుంది. భలే ఆలోచన! అయితే ఇంజిన్ జారడానికి సందు కావాలిగా? నేలను రెండంతస్తులుగా కట్టారు. దాంతో కూర్చునేవాళ్లంతా మామూలు కారులోకంటే ఎత్తుకు వెళ్లారు. కారు ఇరుకు, మనుషులు ఎత్తున... గడ్డి ఎత్తుగా వేసిన బండే అయింది. ఎదురుదెబ్బ నుంచి కాపాడటానికి చేసిన ఏర్పాటే పక్కకి ఒరగడానికీ దోవ చూపిందన్నమాట.

క్షణంలో ఇరవై అయిదుసార్లు

మూడు నెలల్లో ఇంజిన్ చోటు మార్చలేరు, కారు ఎత్తూ తగ్గించలేరు. సస్పెన్షన్‌ను కాస్త మార్చారు. దాంతోపాటు ప్రతి ఎ-క్లాస్‌లోనూ ఓ కంప్యూటర్ పెట్టారు. దాని పేరు ఈఎస్‌పీ. బాష్ కంపెనీతో కలిసి తయారుచేసి 1995లో ఖరీదైన ఎస్ 600 కూపేలో మొదటిసారి వాడారు. కోటీశ్వరుల కారులో ఉండాల్సింది పల్టీ పుణ్యమా అని బుల్లి కారులోకి వచ్చేసింది. ఆ కుదుపు రాకపోతే మధ్యతరగతి కార్లకు చేరడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో!

ఇది చేసే పని వింటే ఆశ్చర్యమేస్తుంది. డ్రైవర్ స్టీరింగ్ ఎంత తిప్పాడో ఓ సెన్సర్ చూస్తుంది. నాలుగు చక్రాలూ ఎంత వేగంతో తిరుగుతున్నాయో నాలుగు సెన్సర్లు చూస్తాయి. కారు నిజంగా ఎంత మలుపు తిరుగుతోంది, పక్కకి ఎంత జారుతోంది అన్నది ఇంకో సెన్సర్ చెబుతుంది. 'అయ్యగారు వెళ్లాలనుకుంటున్నది ఎటు, బండి వెళ్తున్నది ఎటు' అని కంప్యూటర్ సెకనుకు 25 సార్లు పోల్చి చూసుకుంటుంది. రెండూ కలిస్తే సరే. కలవకపోతే డ్రైవర్ చేయలేని పని చేస్తుంది... నాలుగింట్లో ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది! తోక బయటికి విసిరితే మలుపుకు బయటివైపున్న ముందు చక్రాన్ని పట్టుకుంటుంది. కారు తిరగకుండా ముక్కుసూటిగా పోతుంటే లోపలివైపున్న వెనక చక్రాన్ని. అవసరమైతే ఇంజిన్ జోరూ తగ్గిస్తుంది. ఎంత చేయితిరిగిన డ్రైవరైనా ఉండేది ఒకటే బ్రేకు పెడలు కదా!

చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లోనే బెంజ్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. ఈఎస్‌పీ దాని మీద కట్టిన మేడ. ఇన్ని సెన్సర్ల మాటలూ ఒకదానికొకటి వినపడాలంటే వైర్ల అడవి కావాలి. అలా కాకుండా రెండే రెండు తీగల మీద అన్నీ మాట్లాడుకునే 'క్యాన్' పద్ధతిని బాష్ 1986లో ప్రకటించింది. నేటి కార్లలో డజన్లకొద్దీ కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునేది ఎక్కువగా ఆ దారిలోనే.

ఫలితం? ఇది ఉంటే వేరే బండి ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అమెరికా రహదారి భద్రత సంస్థ 2007లో అంచనా వేసింది. ఎస్‌యూవీలు ఎత్తుగా ఉంటాయి, లాభం వాటికే ఎక్కువ. 2012 మోడళ్ల నుంచి అక్కడ తప్పనిసరి చేశారు. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఉండాల్సిందే.

తలుపు తెరిస్తే ఎవరైనా రావచ్చు

ఆ తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. 2018 మేలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షించి, గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు తీసుకుంటోందని తప్పుపట్టింది. కొన్ని రోజుల్లోనే టెస్లా గాలిలోంచే, అంటే సెల్‌ఫోన్‌కు వచ్చినట్టే, కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది. మళ్లీ పరీక్షిస్తే 133 అడుగుల్లో ఆగింది. ఎవరూ బోల్టు విప్పలేదు. ఎ-క్లాస్‌కు మూడు నెలలు, దీనికి వారమో పది రోజులో!

అయితే గాల్లోంచి కంపెనీ రాగలిగితే ఇంకొకడూ రాగలడు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద వెళ్తున్న జీప్ చెరోకీని మైళ్ల దూరం నుంచి లాప్‌టాప్‌తో లొంగదీసుకున్నారు. పాటలు వినిపించే పెట్టెలోంచి దూరి, కారు లోపలి తీగల మీదికి ఎక్కేశారు. కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. మెకానిక్ షెడ్డులో తాళం పోతే కారే పోయేది. ఇప్పుడు తాళం ఎక్కడుందో కూడా కొన్నవాళ్లకు తెలీదు.

ఈ కోడ్ రాసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. హ్యుందాయ్, జడ్‌ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లో నడుస్తున్నాయి. మరోపక్క ఎలక్ట్రిక్ కార్లు ఇంజిన్ చోటు గొడవనే తిరగరాస్తున్నాయి. వందల కిలోల బ్యాటరీ నేలలో పరుచుకుంటోంది, బరువు కిందికి దిగింది. ఎ-క్లాస్ రెండంతస్తుల నేలను గీసినప్పుడు అందులో ఏదో రోజు బ్యాటరీ పెట్టొచ్చన్న ఆలోచన కూడా ఉంది. అది ఖాళీగా ఉండబట్టే చిక్కొచ్చింది! మహీంద్రా బీఈ 6లో మోటారు వెనకే ఉంది. వెనక ఇంజిన్ మళ్లీ వచ్చిందన్నమాట.

మన రోడ్ల మీద దుప్పులు లేకపోవచ్చు. గేదెలున్నాయి, కుక్కలున్నాయి, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులున్నాయి. ఇక్కడ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ రేటింగులో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఈఎస్‌పీ ఉండాలి. కాబట్టి కారు కొనేటప్పుడు రంగు, సన్‌రూఫ్‌ల తర్వాతైనా ఓ మాట అడగండి... 'మేం తీసుకునే వేరియంట్‌లో ఇది ఉందా?' అని. పేర్లు మాత్రం వేరువేరు. కొందరు ఈఎస్‌సీ అంటారు, హోండావాళ్లు వీఎస్‌ఏ, టయోటావాళ్లు వీఎస్‌సీ.

అది ఉంది కదా అని అరిగిన టైర్లతో వెళ్తే లాభం లేదు. కంప్యూటర్ బ్రేకు వేయగలదేగానీ టైరుకు లేని పట్టును తేలేదు. కారు మీద నాలుగు పెట్టెలు కడితే ఎత్తు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మీటర్ల బోర్డులో వంకర గీతలతో జారుతున్న కారు బొమ్మ ఒకటుంటుంది చూడండి, అదే దీని దీపం. వానలో మలుపు తిరిగేటప్పుడు అది మిణుకుమిణుకుమంటే కంగారక్కర్లేదు, తన పని తాను చేస్తోందని. మిణకకుండా అలాగే వెలుగుతూ ఉంటే మాత్రం ఎవరో ఆఫ్ బటన్ నొక్కి ఉండాలి, లేదా సెన్సర్ పాడై ఉండాలి. బటన్ చూసుకోండి, కాకపోతే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.