చేప పడకపోయినా బాగుండే లాడ్జి

లాడ్జి అనగానే మనకు బస్టాండు ఎదురుగా ఉండే మూడంతస్తుల మేడ గుర్తొస్తుంది. గది తాళం, గోడకు క్యాలెండరు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వేణ్నీళ్లు. రాత్రి నడుం వాల్చడానికి ఓ చోటు, అంతే. ఉత్తర అమెరికాలో కెనడా సరిహద్దు సరస్సుల దగ్గర లాడ్జి సంగతే వేరు. అడవి మధ్యలో, నీటి ఒడ్డున కొన్ని చెక్క ఇళ్లు, ఓ భోజనశాల, పడవలు కట్టేసిన రేవు. గది, తిండి, పడవ, పెట్రోలు, దారి చూపే గైడు... అన్నీ అక్కడే. నచ్చలేదని సంచీ సర్దుకుని పక్క వీధిలో ఇంకో లాడ్జి చూసుకుందామంటే అక్కడ పక్క వీధే ఉండదు!

మినియాపొలిస్‌లోనో షికాగోలోనో ఉంటున్న మన పిల్లల్లో గాలం సరదా ఉన్నవాళ్లు వేసవి సెలవుల్లో ఈ దారి పడుతుంటారు. ఊరి నుంచి వచ్చిన నాన్ననో మామయ్యనో కూడా వెంటబెట్టుకెళ్తారు. వాళ్లను అంత దూరం లాక్కెళ్లే చేప పేరు మస్కీ. ఏడాదికి దొరికే ఒకే ఒక్క వారం సెలవు, దాచుకున్న డబ్బు, ఇంట్లోవాళ్ల ఓపిక... మూడూ ఒక్క ఫోన్‌కాల్ మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ వారం ఆ లాడ్జి ముచ్చట.

పదివేల విసుర్ల చేప

మస్కీ పూర్తి పేరు మస్కలంజ్. ఓజిబ్వే ఆదివాసుల భాషలోంచి వచ్చిన మాట. మన కొర్రమీనులాగే ఇదీ మాటు వేసి కొట్టే చేప. కాకపోతే నాలుగడుగులు దాటి పెరుగుతుంది. నీటి మొక్కల పక్కన విరిగిపడ్డ కొమ్మలా కదలకుండా ఉండి, దగ్గరికొచ్చిన చేపనో బాతుపిల్లనో ఒక్క ఉదుటున పట్టేస్తుంది. విస్కాన్సిన్ 1955లో దీన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ రాష్ట్రంలోని హేవర్డ్ ఊళ్లో 143 అడుగుల పొడవున్న మస్కీ బొమ్మ ఉంది. జనం దాని కడుపులోంచి మెట్లెక్కి, దవడలో నిలబడి ఫొటోలు దిగుతారు. కెనడాలోని కెనోరా ఊరివాళ్లు కూడా 1967లో 40 అడుగుల మస్కీ బొమ్మ నిలబెట్టుకున్నారు. అంత మోజు!

మోజుకు తగ్గట్టే బెట్టు కూడా ఎక్కువ. దీన్ని ‘పదివేల విసుర్ల చేప’ అంటారు. అంటే గాలం పదివేలసార్లు విసిరితే ఒకటి పడుతుందని సామెత. లెక్క వేసి చూడండి. నిమిషానికి ఒక విసురు, రోజుకు పది గంటలు. అలా విసిరినా పదివేలు పూర్తయ్యేది పదిహేడో రోజున. మన సెలవు ఏడు రోజులే! సామెత సామెతే, మొదటి రోజే దొరికే అదృష్టవంతులూ ఉంటారు. కానీ వారమంతా విసిరి ఖాళీ చేతులతో రావడం మాత్రం ఇక్కడ వింతేమీ కాదు. కాబట్టి లాడ్జిని చేప పడే రోజు కోసం కాదు, పడని రోజుల కోసం ఎంచుకోవాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతావన్నీ తేలికవుతాయి.

ముందు సరస్సు, తర్వాత లాడ్జి

చాలామంది అందమైన ఫొటో చూసి లాడ్జి ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత సరస్సు గురించి ఆరా తీస్తారు. అది తలకిందుల పని. ముందు సరస్సు తేల్చుకోండి.

మినియాపొలిస్ నుంచి హేవర్డ్ సుమారు 140 మైళ్లు. పక్కనే చిప్పెవా ఫ్లోవేజ్, లాక్ కూర్టోరే వంటి పేరుమోసిన సరస్సులున్నాయి. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది మంచి ఆరంభం. ఊరు దగ్గర, ఆసుపత్రి దగ్గర, సరిహద్దు దాటే పని లేదు. మినెసోటాలోనే ఉందామంటే లీచ్ లేక్, వెర్మిలియన్, మిల్ లాక్స్ ఉన్నాయి. పెద్ద చేపలకు పేరున్న నీళ్లు. పెద్ద అలలకూ అంతే పేరు.

ఇక కెనడా. మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా 300 మైళ్లు వెళ్తే ఇంటర్నేషనల్ ఫాల్స్ వస్తుంది. అక్కడ సరిహద్దు దాటి ఇంకొంత దూరం పోతే లేక్ ఆఫ్ ది ఉడ్స్. 14 వేలకు పైగా లంకలున్న సరస్సు అది. లంక చుట్టూ లంక, మలుపు వెనక మలుపు. గాలి ఎటు వీచినా ఏదో ఒక లంక చాటున గాలం వేసుకోవచ్చు. కానీ దారి తప్పడం కూడా అంతే సులువు. ఇక్కడ గైడు విలాసం కాదు, అవసరం.

సరిహద్దు దాటేవాళ్లు కాగితాలు మరవకూడదు. హెచ్‌1బీ మీద ఉన్న భారతీయులకు కెనడా వీసా విడిగా కావాలి. అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు గానీ, పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి. తిరిగి అమెరికాలోకి రావడానికి ఏమేం కావాలో బయల్దేరక ముందే సరిచూసుకోవాలి. లాడ్జికి అడ్వాన్సు కట్టాక వీసా సంగతి గుర్తొస్తే ఆ డబ్బు నీళ్లపాలే.

గోడ మీది ఫొటోలు

ఏ లాడ్జికి ఫోన్ చేసినా తమ గోడ మీది ఫొటోల గురించి చెబుతారు. వినండి, కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రపంచంలోకెల్లా పెద్ద మస్కీలని చెప్పుకునే రెండు చేపలూ 1949లో హేవర్డ్ చుట్టుపక్కలే పడ్డాయి. ఒకటి 69 పౌండ్ల 11 ఔన్సులు, ఇంకోటి 67 పౌండ్ల 8 ఔన్సులు. హేవర్డ్‌లోని మంచినీటి చేపల సంస్థ మొదటిదాన్ని రికార్డుగా రాసుకుంది. అంతర్జాతీయ సంఘం రెండోదాన్ని ఒప్పుకుంది. పాత ఫొటోలు ముందేసుకుని, చేప నిజంగా అంత పొడవుందా అని కొలతలు వేసినవాళ్లూ ఉన్నారు. ఇన్నేళ్లయినా వాదన తెగలేదు. ప్రపంచ రికార్డు ఫొటోల గతే ఇలా ఉంటే లాడ్జి గోడ ఫొటో ఏపాటి?

ఫొటో బదులు ప్రశ్నలు అడగండి. ‘మీ దగ్గరికొచ్చేవాళ్లలో మస్కీ కోసమే వచ్చేది ఎంతమంది?’ ఇది మొదటి ప్రశ్న. ఎక్కువమంది వాలై అనే తినే చేప కోసం వచ్చే లాడ్జి అయితే పడవలూ గైడ్లూ దానికి తగ్గట్టే ఉంటారు. ‘పోయిన ఏడాది మేం వెళ్లాలనుకునే ఇదే వారంలో ఎలా ఉంది?’ ఇది రెండోది. సీజన్ మొత్తం లెక్క మనకెందుకు, మన వారం సంగతి చాలు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ‘చేప పడకుండా తిరిగెళ్లిన వాళ్లెవరితోనైనా మాట్లాడిస్తారా?’ పెద్ద చేప పట్టినవాడికి చిరిగిన పరుపు కూడా పట్టెమంచంలాగే ఉంటుంది. ఖాళీ చేతులతో వెళ్లినవాడు మాత్రం తిండి గురించి, పడవ గురించి, యజమాని మాటతీరు గురించి ఉన్నదున్నట్టు చెబుతాడు. అలాంటివాడు మళ్లీ అక్కడికే వెళ్తున్నాడంటే ఆ లాడ్జికి కళ్లు మూసుకుని వెళ్లొచ్చు.

పడవ, గైడు, తిండి

పడవ పొడవెంత, ఇంజను ఎన్ని గుర్రాలది, నిలబడి గాలం విసిరేందుకు ముందు భాగంలో చదునైన చోటుందా... ఇవి అడగాలి. మస్కీ గాలం కూర్చుని వేసేది కాదు. పొద్దస్తమానం నిలబడి విసరాలి. ఎర పడవ దాకా వచ్చాక కూడా నీటిలో 8 అంకెలా తిప్పాలి. ఎర వెంటే వచ్చిన చేప ఆఖరి క్షణంలో అందుకునేది చాలాసార్లు అక్కడే. చిన్న రేకు పడవలో నలుగురు కూర్చుని ఈ పని చేయలేరు. సొంత పడవ తీసుకెళ్తే రేవులో కరెంటు ఉందో లేదో కనుక్కోండి. రాత్రికి బ్యాటరీలు చార్జి కావాలి కదా!

గైడును ఏడు రోజులూ పెట్టుకోనక్కర్లేదు. మొదటి రెండు రోజులు చాలు. అతను చూపించిన చోట్లు గుర్తుపెట్టుకుని మిగతా రోజులు మీరే తిరగొచ్చు. గైడు డబ్బులు లాడ్జి ధరలో కలిసే ఉన్నాయా, విడిగా ఇవ్వాలా అన్నది ముందే తేల్చుకోండి.

తిండి విషయంలో అక్కడ రెండు పద్ధతులు. మూడు పూటలా వాళ్లే వండి పెట్టేదాన్ని అమెరికన్ ప్లాన్ అంటారు. వంటింటితో ఉన్న క్యాబిన్ ఇచ్చి మీరే వండుకోమనేది హౌస్‌కీపింగ్ ప్లాన్. మగవాళ్లు నలుగురు వెళ్తే మొదటిది హాయి. ఇంటిల్లిపాదీ వెళ్తే, అందులో శాకాహారులుంటే రెండోదే మేలు. రైస్ కుక్కరు, పప్పు, చింతపండు వెంట ఉంటే మూడో రోజుకు అమ్మ ముఖం వాడిపోదు. సరిహద్దు దాటేటప్పుడు తినే సరుకులన్నీ అధికారులకు చెప్పాల్సిందే. పచ్చడి సీసాతో సహా! చెత్త మాత్రం బయట పడేయకండి. ఎలుగుబంట్లు వస్తాయి.

పెద్దవాళ్లు ఉంటే క్యాబిన్ నుంచి రేవుకు ఎన్ని మెట్లు, చెక్కబాటకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని అడగండి. పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, ఫోన్ సిగ్నల్ వస్తుందా, దగ్గరి ఆసుపత్రి ఎంతదూరం... ఇవన్నీ అడగడానికి మొహమాటపడొద్దు. విసుక్కునే యజమాని అయితే అక్కడే సగం జవాబు దొరికినట్టు.

ఎప్పుడు వెళ్లాలి?

లేక్ ఆఫ్ ది ఉడ్స్‌లో మస్కీ సీజను జూన్ మూడో శనివారం మొదలవుతుంది. జూన్‌లో దోమల బాధ ఎక్కువ. జులై, ఆగస్టుల్లో చేప చురుగ్గా ఉంటుంది, పిల్లలకు బడి సెలవులు కూడా. సెప్టెంబరు, అక్టోబరుల్లో బాగా బలిసిన చేపలు పడతాయి గానీ, చలిగాలికి వేళ్లు కొంకర్లు పోతాయి. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు ఆగస్టు రెండో సగం నయం. ఎండాకాలం నీళ్లు మరీ వేడెక్కి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే బాధ్యత తెలిసినవాళ్లు మస్కీ జోలికి పోరు. ఆ వేడిలో పెనుగులాడిన చేప వదిలేసినా బతకడం కష్టం.

వదిలేయడమేంటి? ఊరి నుంచి వెళ్లిన పెద్దాయన తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. 50 అంగుళాల మస్కీ వయసు పదిహేనేళ్లు దాటి ఉండవచ్చు. సాధారణంగా అంత పెద్దవి ఆడచేపలే. దాన్ని కూర వండుకుంటే మళ్లీ అంతటి చేప తయారవడానికి మరో పదిహేనేళ్లు కావాలి. అందుకే మినెసోటాలోనూ, లేక్ ఆఫ్ ది ఉడ్స్‌లోనూ 54 అంగుళాల లోపు మస్కీని ఇంటికి తేవడానికి చట్టం ఒప్పుకోదు. అంటారియోలో తక్కువ ధర లైసెన్సు తీసుకుంటే అసలు ఏ మస్కీనీ ఉంచుకోకూడదు. 2021 నవంబరులో మిల్ లాక్స్‌లో 55 పౌండ్లు దాటిన మస్కీ పడి మినెసోటా రికార్డయింది. పట్టినవాళ్లు దాన్ని వదిలేయాలనే చూశారు. తేరుకోక చనిపోయింది కాబట్టే తూకానికి వచ్చింది.

కాబట్టి లాడ్జివాళ్లను ఇంకో మాట అడగండి. పడవలో పెద్ద వల, పొడవాటి పట్టకారు, గాలపు కొక్కేన్ని తెంచే కట్టరు ఉంటాయా? చేపను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ఒక్క ఫొటో తీసి వదిలేయడం మీ గైడుకు అలవాటేనా? తన చేపను కాపాడుకోలేని లాడ్జి వచ్చే ఏడాది మీకేం చూపిస్తుంది? తినడానికి వాలై చేపలున్నాయి. మధ్యాహ్నం ఏదో ఒక లంకలో పొయ్యి పెట్టి గైడు వేయించిపెడితే పెద్దాయన బెంగ కూడా తీరుతుంది.

మంచి వారాలను పాత ఖాతాదారులు ముందే పట్టేసుకుంటారు. చలికాలంలోనే ఫోన్ చేయండి. శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారా, రాలేకపోతే అడ్వాన్సు తిరిగిస్తారా, కాగితం మీద రాయించుకోండి. ఆఖరున ఒక్కటి అడగండి. ‘మూడు రోజులు వరసగా వాన పడితే మా పిల్లలకు అక్కడ ఏం తోస్తుంది?’ తడుముకోకుండా నాలుగు సంగతులు చెప్పారా, అడ్వాన్సు పంపించేయండి.