ఒకే యుద్ధం: అక్కడ విడుదల, ఇక్కడ సంకెల

సామ్రాజ్యాలు తమలో తాము కొట్టుకుంటే వలసలకు విముక్తి దొరుకుతుందన్న మాట తరచూ వింటుంటాం. అందులో సగమే నిజం. 1756-63 నాటి ఏడేళ్ల యుద్ధమే ఇందుకు సాక్ష్యం. బ్రిటన్, ఫ్రాన్స్ అటు ఉత్తర అమెరికాలోనూ ఇటు మన కోస్తాలోనూ తలపడ్డాయి. రెండు చోట్లా గెలిచింది బ్రిటనే. ఆ గెలుపు తర్వాత ఇరవై ఏళ్లకు అమెరికా వలసలు స్వతంత్రమయ్యాయి. మన కోస్తాలోని ఉత్తర సర్కారులు మాత్రం ఈస్టిండియా కంపెనీ పాలయ్యాయి.

కెనడా నుంచి ఫ్రెంచి సేనలు తొలగిపోవడంతో అమెరికన్లకు బ్రిటిష్ రక్షణ అవసరం తగ్గింది. సరిగ్గా అప్పుడే లండన్ ఖర్చుల చిట్టా విప్పింది. యుద్ధంతో బ్రిటన్ జాతీయ రుణం సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లకు పెరిగింది. అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చులో కొంత రాబట్టడానికి పార్లమెంటు 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కలిసి, తమ సభలు ఒప్పుకోని పన్ను చెల్లదన్నారు. ఆ ధైర్యం రాత్రికి రాత్రి వచ్చింది కాదు. వర్జీనియాలో ఎన్నికైన సభ 1619 నుంచే ఉంది. జార్జ్ వాషింగ్టన్ యుద్ధానుభవం సంపాదించిందీ ఫ్రెంచివారితో పోరులోనే. తర్వాత ఓడిన ఫ్రాన్సే పాత కక్షతో 1778లో అమెరికన్లతో చేయి కలిపింది. 1781లో యార్క్‌టౌన్ వద్ద బ్రిటిష్ సేనకు సముద్రమార్గం మూసేసింది ఫ్రెంచి నౌకాదళమే.

మన తీరంలో కథ వేరు. 1757లో బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చిన విజయనగరం, మరుసటి ఏడాదే ఫ్రెంచివారిని వెళ్లగొట్టేందుకు ఇంగ్లీషువారిని పిలిచింది. 1758లో చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఓడింది. 1759లో ఫ్రెంచివారి చేతిలోని మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు పాదుషా ఫర్మానా సర్కారులను కంపెనీకి రాసిచ్చింది. పొరుగువాడిపై పగ తీర్చుకోవడానికి పరదేశిని వాడుకోవచ్చనుకున్న పాలకులే తప్ప, ఆ సాయానికి చెల్లించాల్సిన మూల్యమెంతో కలిసి కూర్చుని తేల్చుకునే సభ ఇక్కడ లేదు. చివరికి ఆ భారం శిస్తు రూపంలో రైతు నెత్తిన పడింది.

అమెరికా విముక్తి కూడా అందరిదీ కాదు. నల్లజాతి బానిసలకు అది దక్కలేదు. ఆదివాసుల భూములపై ఆక్రమణ మరింత జోరందుకుంది. సంఘటితమైనవారికే ఫలం అందింది.

యుద్ధం యజమానిని అప్పులపాలు చేస్తుంది, అంతవరకే. ఆ అప్పు తీర్చబోమని చెప్పే శక్తిని మాత్రం అంతకుముందే కూడగట్టుకోవాలి. అగ్రరాజ్యాలు పోట్లాడుకుంటున్నప్పుడు ఎటువైపు నిలవాలని తర్జనభర్జన పడే చిన్న దేశాలు ముందు తేల్చుకోవాల్సింది, తమలో తాము ఒక నిర్ణయానికి రాగల వేదిక ఉందా లేదా అన్నదే.