వాచీ చెయిన్ సాగదు, అరుగుతుంది

జంషెడ్‌పూర్ తూర్పు వైపున ఉన్న బారిడీహ్‌లో ఉక్కు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ 1912లో తన మొదటి ఉక్కు దిమ్మెను పోసింది ఈ ఊళ్లోనే. 1950లో ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉన్నదీ ఇక్కడే. బతుకుతెరువు కోసం వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా, ఇక్కడి చాలా ఇళ్లలో లోహంతో పనిచేసిన చేతులు కనిపిస్తాయి. అలాంటి చేతికి పదవీ విరమణ నాడు పిల్లలు ముచ్చటపడి ఒక ఖరీదైన స్విస్ వాచీ కొనిపెట్టారనుకుందాం. పదిహేనేళ్లకు దాని స్టీలు చెయిన్ వదులై వేలాడుతుంది. దుకాణానికి తీసుకెళ్తే తరచూ వినబడే జవాబు ఇది: "చెయిన్ సాగిపోయింది, కొత్తది వేయించుకోండి."

ఈ జవాబులో మొదటి సగం శాస్త్రరీత్యా తప్పు. ఆ తప్పు ఆసరాగానే రెండో సగం నిలబడుతోంది. కొన్ని ఖరీదైన వాచీల్లో కొత్త చెయిన్ ధర లక్ష రూపాయలు దాటుతుంది కాబట్టి, ఈ తప్పును మాటల పట్టింపుగా కొట్టిపారేయడానికి లేదు.

అరుగుదల ఎక్కడ?

వాచీ చెయిన్లలో ఎక్కువగా వాడే 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ ఉక్కు శాశ్వతంగా సాగాలంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 కిలోల బరువు లాగాలి. చెయిన్‌తో కలిపి వాచీ మొత్తం బరువు సాధారణంగా 150 గ్రాములకు అటూ ఇటూ. ఆ బరువుకు ఉక్కు లింకు సాగే ప్రశ్నే లేదు.

జరిగేది వేరు. లింకుకూ లింకుకూ మధ్య సన్నని పిన్ను ఉంటుంది. చెయ్యి కదిలిన ప్రతిసారీ ఆ పిన్ను లింకు రంధ్రంలో కొద్దిగా తిరుగుతుంది, రాసుకుంటుంది. అరుగుదల ఎంత అన్నది మూడు విషయాలపై ఆధారపడుతుందని 1953లో ఆర్చర్డ్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. ఒత్తిడి పెరిగితే, రాసుకునే దూరం పెరిగితే అరుగుదల పెరుగుతుంది. లోహం గట్టిదైతే తగ్గుతుంది. చెయిన్‌ను మరీ వదులుగా పెట్టుకుంటే కదలిక ఎక్కువై అరుగుదల తొందరపడేది ఇందుకే.

దీనికి దుమ్ము తోడవుతుంది. ఇసుకలో, వీధి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువులు ఈ ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టివి. చెమటతో కలిసి కీళ్లలో చేరితే అవి సానపట్టే ముద్దలా పనిచేస్తాయి. స్టెయిన్‌లెస్ ఉక్కును తుప్పు నుంచి కాపాడేది కొన్ని నానోమీటర్ల మందంలో ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. రాపిడికి ఆ పొర లేచిపోతుంది, మళ్లీ ఏర్పడుతుంది, మళ్లీ లేచిపోతుంది. చెమటలోని ఉప్పు ఆ సందులో చేరి లోహాన్ని తినేందుకు దారి చేసుకుంటుంది. చెయిన్ సందుల్లో కనిపించే నల్లటి జిడ్డులో మురికితో పాటు అరిగిన ఉక్కు కూడా ఉంటుంది.

ఇప్పుడు ఒక ఉజ్జాయింపు లెక్క. చెయిన్‌లో 20 కీళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో కీలులో పదో వంతు మిల్లీమీటరు సందు ఏర్పడితే మొత్తం మీద చెయిన్ 2 మిల్లీమీటర్లు పొడుగైనట్టు కనిపిస్తుంది, పక్కకు పట్టుకుంటే వంగి వేలాడుతుంది. ఇంతకీ పోయిన లోహమెంత? ఒక్కో కీలులో ఒక ఘనపు మిల్లీమీటరు అనుకున్నా, 20 కీళ్లలో కలిపి 160 మిల్లీగ్రాములు. చెయిన్ బరువు 80 గ్రాములైతే, అరిగింది వెయ్యింట రెండు వంతులు మాత్రమే. మిగిలిన 998 వంతులు నిక్షేపంగా ఉన్నాయి. వాటిని కూడా పారేయమనడం ఏ లెక్కన సబబు?

సైకిల్ నేర్పే పాఠం

సైకిల్ చెయిన్ విషయంలోనూ "సాగింది" అనే అంటారు. అక్కడా అరిగేవి పిన్నులూ, వాటి చుట్టూ ఉండే భాగాలే. అయితే సైకిల్‌కు ఒక కొలత ఉంది. రెండు పిన్నుల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. అది ముప్పావు శాతం పెరిగేసరికి చెయిన్ మార్చాలని మెకానిక్కులు గేజీ పెట్టి చూసి చెబుతారు. మార్చడానికి కారణమూ ఉంది. పొడుగైన చెయిన్ పళ్లచక్రాన్ని తినేస్తుంది.

వాచీ చెయిన్‌కు పళ్లచక్రం లేదు. వదులైనంత మాత్రాన అది వాచీ యంత్రాన్ని పాడుచేయదు. ఉన్న ప్రమాదమల్లా పిన్ను తెగి వాచీ కింద పడటం. అందుకు మందు పిన్ను మార్చడమే. కొన్ని వందల రూపాయల సైకిల్ చెయిన్‌కు కొలత ఉండగా, లక్షల వాచీకి "చూస్తే తెలుస్తోంది" అనడం వింతగా లేదూ?

బాగుచేసే దారులు

రంధ్రం బాగుండి పిన్నులు మాత్రమే అరిగితే, కొత్త పిన్నులు వేస్తే సరిపోతుంది. రంధ్రం కోలగా మారితే దాన్ని గుండ్రంగా తొలిచి, లోపల సన్నని గొట్టం బిగించి, అందులో పిన్ను వేయవచ్చు. అరుగుదల ఇంకా ఎక్కువైతే లేజర్ వెల్డింగ్‌తో అదే రకం లోహాన్ని నింపి, మళ్లీ రంధ్రం వేసే పద్ధతి ఉంది. 316ఎల్ పేరులోని 'ఎల్' కార్బన్ తక్కువన్నదానికి గుర్తు. కార్బన్ 0.03 శాతానికి మించదు కాబట్టి వెల్డింగ్ వేడికి క్రోమియం కార్బైడ్‌గా మారి ఉక్కు తుప్పుకు లోనయ్యే భయం తక్కువ.

ఈ పని ఎవరు పడితే వారు చేసేది కాదన్నది నిజమే. మామూలు ఇనుప పిన్ను వేస్తే తుప్పు పట్టి లింకులో ఇరుక్కుపోతుంది. మరీ గట్టి పిన్ను వేస్తే అది లింకునే తినేస్తుంది. రెండింటిలో ఒకటి అరగక తప్పనప్పుడు చవకైనదీ, తేలిగ్గా మార్చగలిగేదీ అరగాలి. యంత్రాల రూపకల్పనలో పాత సూత్రమిది. కొందరు తయారీదారులు దీన్ని గుర్తించారు కూడా. రోలెక్స్ తన 'ప్రెసిడెంట్' చెయిన్ లింకుల లోపల రాపిడిని తట్టుకునే సిరామిక్ గొట్టాలు అమర్చుతోంది. అరుగుదల ఎక్కడ పుడుతుందో తయారీదారులకు బాగా తెలుసనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మార్చక తప్పనివీ ఉన్నాయి. లింకు పగిలినా, చెమట ఉప్పుకు లోతైన గుంటలు పడినా, పదేపదే పాలిష్ చేయించి లింకులు పలచబడినా, పాత వాచీల్లోలా రేకు మడిచి చేసిన లింకులు చిరిగినా కొత్త చెయిన్ తీసుకోవడమే మంచిది. 18 క్యారెట్ల బంగారంలో నాలుగో వంతు ఇతర లోహాలున్నా, దాని అరుగుదలను ప్రత్యేకంగా గమనించాలి. అక్కడ పోయే ప్రతి మిల్లీగ్రాముకూ విలువ ఉంది.

అసలు అడ్డంకి

ఇంత తెలిసీ మరమ్మతు ఎందుకు అరుదు? పిన్నులు, గొట్టాలు విడిగా దొరకకపోవడం ఒక కారణం. ఎంత అరిగితే ఏం చేయాలో చెప్పే కొలత బయటకు రాకపోవడం మరొకటి. విడిభాగాలు బయట అమ్మితే నకిలీ వాచీలకు ఊతమిచ్చినట్టవుతుందన్న వాదనలో కొంత న్యాయముంది. కానీ సీరియల్ నంబరు చూసి, కొన్నవారి పేరు నమోదు చేసుకుని నాలుగు పిన్నులు అమ్మడానికి ఆ వాదన అడ్డు రాదు. పిన్ను చేతికొచ్చినంత మాత్రాన నకిలీ వాచీ తయారవదు.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ట్యాబ్లెట్లు, గృహోపకరణాల వంటి మన్నిక వస్తువులు, వాహనాలు ఇందులో ముందు వరసలో ఉన్నాయి. ట్రాక్టరుతో పోలిస్తే ఖరీదైన వాచీ కొద్దిమంది సమస్యే. అయినా సూత్రం ఒకటే: అరిగిన భాగాన్ని మార్చుకునే వీలుండాలి, ఎంత అరిగిందో తెలుసుకునే హక్కుండాలి. లక్షలు పోసి కొన్నవాడికే పిన్ను దొరకనప్పుడు, మిక్సీ కొన్నవాడి మాట ఎవరు వింటారు?

అంతవరకూ వాచీ ఉన్నవారు చేయగలిగింది కొంత ఉంది. చెయిన్‌ను వాచీ నుంచి విడదీయించి, గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో అప్పుడప్పుడూ కడిగి ఆరబెడితే సానపట్టే ముద్ద పోతుంది. దుకాణంలో "సాగిపోయింది" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడు: అరిగింది పిన్నా, రంధ్రమా? ఎంత? అది ఒక్కటే మార్చడానికి ఎందుకు వీలుకాదు? ఉక్కు పోసే ఊళ్లో ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.